మూడో నంబరు చొక్కా

సోమవారం పొద్దున పదకొండు చొక్కాలు
నా తొట్టిలో వచ్చి పడతాయి.
ఉరుగ్వే నది మీంచి జూలై చలి, వేళ్లు కొంకర్లు పోతాయి.
ఎవడు ఆడాడో, ఎవడు ఆడినట్టు నటించాడో
పేపరువాళ్ల కన్నా ముందు నాకు తెలుస్తుంది.
తొమ్మిదో నంబరుకి బురదంతా ఛాతీ మీదే:
గోలు కొట్టి నేల మీద జారతాడు, జనం చూడాలని.
ఏడో నంబరుది ఎప్పుడూ శుభ్రం.
దాన్ని మొహమాటానికి ఒకసారి ముంచి ఆరేస్తాను.

మూడో నంబరు ఎబెర్‌ది.
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, ముప్పై నాలుగేళ్లు,
ఎడమ మోకాలికి వాన పడదు.
పదేళ్లలో ఒక్కటే గోలు, అదీ మన వలలోనే.

సబ్బుల ఖర్చు రాసే పుస్తకం వెనక పేజీల్లో
ఒక లెక్క మొదలుపెట్టాను.
ఎబెర్ మొదటినుంచీ దిగిన ఆటలు పదకొండు:
ఏడు గెలుపు, మూడు సమం, ఒకటి పోయింది.
బెంచీ మీద కూర్చున్నవి తొమ్మిది:
ఒకటి గెలుపు, రెండు సమం.
మిగతా ఆరూ అయ్యాక వచ్చిన సోమవారాలు
రొట్టెల కొట్టు అలుసీదెస్ చిల్లర నా చేతిలో పెట్టలేదు,
బల్ల మీద విసిరాడు.

పుస్తకం తీసుకెళ్లి కోచ్ ఒరెస్తెస్ ముందు పెట్టాను.
మాతే గొట్టం నోట్లోంచి తీయకుండానే చదివాడు.
"నిబియా, వాడు ఆడేది ఎండ రోజుల్లో.
వానొస్తే నేనే కూర్చోబెడతాను.
వానలో మనం ఎప్పుడు గెలిచాం గనక?
పైగా ఈ ఏడు పెద్ద టీములన్నీ ముసురులోనే తగిలాయి.
నీది కాకి లెక్క."

నిజమే. సిగ్గేసింది.
బట్టలుతికేదాన్ని, నాకు తెలియదా?
ఎండ కాసిన రోజు ఆరేస్తాను గానీ
నేను ఆరేశానని ఎండ కాయదు.

పుస్తకం మూసేశాను. నిద్ర మాత్రం రాలేదు.
ఏదో చూశాను, చూసి కూడా ఉతికేశాను.
ఏమిటది?

తెల్లవారుజామున గుర్తొచ్చింది.
మూడో నంబరు చొక్కా, కుడి భుజం వెనక,
అయిదు వేళ్ల మరక. లావుపాటి వేళ్లు. గ్లవ్స్ తొడిగిన చేయి.
మా గోల్‌కీపర్ విల్మార్‌ది.
పంతొమ్మిదేళ్ల కుర్రాడు,
కార్నర్ అనగానే పెదాలు ఎండిపోతాయి వాడికి.
బంతి గాల్లోకి లేచేముందు
ఎబెర్ భుజం ఒకసారి తాకి చూసుకుంటాడు కాబోలు,
కరెంటు పోయిన ఇంట్లో గోడ తడుముకున్నట్టు.
ఎబెర్ లేని తొమ్మిది వారాలూ తలుచుకున్నాను,
తొట్టి తొట్టికీ, నంబరు నంబరుకీ.
ఆ చేయి ఏ చొక్కా మీదా లేదు.

ఇది కూడా లెక్కేనా? ఏ గడిలో రాయాలి?
ఒరెస్తెస్‌కి చెప్పాను.
ఈసారి గొట్టం నోట్లోంచి తీశాడు.
ఏమీ అనలేదు. కిటికీలోంచి మబ్బుకేసి చూశాడు.

ఆదివారం కుండపోత.
పేర్లు చదివారు: ఎడమ వైపు, ఎబెర్.
రేకుల కింద జనం గొణుగుడు.
నేను బట్టల గది తలుపు దగ్గరే నిలబడ్డాను.
ఆట నాకు చెవులతోనే అలవాటు:
ఒకసారి మనవాళ్ల అరుపు.
చాలాసేపటికి అవతలివాళ్లది.
తర్వాత వాన.

ఒకటి, ఒకటి.
ఎబెర్ మోకాలు బూరెలా పొంగింది,
డెబ్బయ్యో నిమిషంలో కుంటుతూ వచ్చేశాడట.
అవతలివాళ్ల గోలు అంతకు ముందా, తర్వాతా
నేనెవర్నీ అడగలేదు.

సోమవారం. తొట్టి.
మూడో నంబరు పైకి తీశాను.
ముందూ వెనకా ఒకటే బురద,
ఏది వేలో ఏది నేలో తెలియలేదు.
పుస్తకంలో రాశాను: పన్నెండో ఆట, నాలుగో సమం.
సబ్బు రుద్దేముందు
ఆ కుడి భుజం మీద
కాసేపు నా చేయి ఆనించాను.
నా చేయి చాలా చిన్నది.